కరుణశ్రీ కారు ఎందుకు కాగింది

రోడ్డు పక్కన కారు ఆగి, బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేస్తూ కనిపిస్తే చాలు, మా వైపు ప్రతి మనిషిలోనూ ఒక మెకానిక్కు నిద్ర లేస్తాడు. సైకిలు మీద పోయేవాడు దిగుతాడు. గేదెను తోలుకెళ్ళే ముసలమ్మ నిలబడుతుంది. ఆ గేదె కూడా నిలబడుతుంది. అందరూ తలా ఒక మాట చెప్పి, తమ పని అయిపోయినట్టు వెళ్ళిపోతారు. కారు మాత్రం అక్కడే ఉంటుంది.

కరుణశ్రీ కారు మొదటిసారి కాగింది పొన్నూరు దాటాక. ఆవిడ అంగన్‌వాడీ సూపర్‌వైజరు. కాపురం తెనాలిలో, లూథరన్ చర్చి వెనక వీధిలో. తిరిగే ఊళ్ళన్నీ బాపట్లకీ రేపల్లెకీ మధ్యన. ఆ రోజు బాపట్లలో మీటింగుకి పోతుంటే ఏసీ గాలి ఉన్నట్టుండి వెచ్చబడింది. ఏంటా అని చూస్తే మీటరులో ముల్లు ఎర్రగీతను ముద్దుపెట్టుకుంటోంది. బండి పక్కకు తీసి ఇంజను ఆపింది. ఈలోపే జనం చేరారు.

"మూత తియ్యండమ్మా, లోపలికి గాలి తగులుద్ది," అన్నాడొకాయన.

"చన్నీళ్ళు గుమ్మరించండి," అన్నాడింకొకాయన.

"రేడియేటర్లో చారెడు పసుపు వెయ్యి తల్లీ, లీకుంటే అదే పూడుద్ది," అంది గేదె ముసలమ్మ.

"ఎవరూ ముట్టుకోకండి, చెయ్యి కాలుద్ది," అని కరుణశ్రీ అంగన్‌వాడీ పిల్లలకి చెప్పినట్టు చెప్పి, తుమ్మచెట్టు కింద నిలబడింది. ఆ గొంతుకి జనం కూడా పిల్లల్లాగే వెనక్కి జరిగారు. ఇంజను చల్లారాక తుండుగుడ్డ వేసి మూత మెల్లగా తిప్పి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, నెమ్మదిగా బాపట్ల చేరుకుంది. మీటింగుకి ఆలస్యమైంది.

నలభై అయిదు దాటాక స్టీరింగు పట్టుకున్న మనిషి ఆవిడ. అంతకుముందు ఉద్యోగమంతా షేర్ ఆటోల్లో, డ్రైవరు పక్కన సగం సీటు మీద, ఒక కాలు గాలిలో పెట్టుకుని చేసింది. ఒక సెంటరు చూసి ఇంకో సెంటరుకి పోవాలంటే ఎండలో నిలబడి, రాని బస్సు కోసం దుమ్ములోకి చూడ్డం. పాత కారే అయినా, కారు వచ్చాక ఎప్పుడు బయల్దేరాలో ఎక్కడ ఆగాలో తనే చెప్పుకుంటోంది. కాలువ గట్టు మీద ఆపి ముంజలు కొనుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరూ లేనప్పుడు అద్దాలెత్తేసి, గొంతెత్తి కీర్తన పాడుకోవచ్చు. చర్చి క్వయరులో ఆవిడను వెనక వరసలో నిలబెడతారు. కారులో ముందు వరసా ఆవిడే, వెనక వరసా ఆవిడే. కారు నడపడమంటే ఆవిడకి ఇష్టం, అంతే. దాన్ని ఇంకోలా తిప్పి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక ఆవిడ భర్త మనోహర్. చెడ్డవాడేం కాదు. తెనాలి స్టేషన్లో టిక్కెట్ల కౌంటర్లో కూర్చుంటాడు. కూర్చోగా కూర్చోగా, అద్దానికి అవతల నిలబడ్డవాళ్ళకి ఏమీ తెలియదని ఒక నమ్మకం కుదిరిపోయింది. ఇంటికొచ్చినా ఆ అద్దం ఆయన ముందర్నించి పూర్తిగా పోదు. కారు కొన్నరోజే పెళ్ళానికి రూల్సు చదివి వినిపించాడు. అన్నిటికన్నా పెద్ద రూలు మినుము గురించి.

శివరాత్రి వెళ్ళిందంటే మా మాగాణుల్లో మినుము పీకుతారు. పీకిన కట్టెను తారు రోడ్డు మీద పరిచేస్తారు. పోయే బస్సులూ లారీలూ తొక్కుతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది, రైతుకి నూర్పిడి బాధ తప్పుతుంది. పరవకూడదని పోలీసులంటారు. పరవకపోతే ఎట్లా అని రైతులంటారు. ఇద్దరిదీ నిజమే కాబట్టి ఏటా పరుస్తూనే ఉంటారు.

"ఆ కట్టె ఇరుసుకి చుట్టుకుని అంటుకుందంటే కారు కారంతా బూడిదే," అన్నాడు మనోహర్. "పక్కనించి పో. సందు లేకపోతే వెనక్కి తిప్పుకుని పో. దాని మీద మాత్రం ఎక్కించకు కరుణా."

కరుణశ్రీ ఆ రూలును పది ఆజ్ఞల పక్కన పదకొండోదిగా పాటించింది. ఎన్నోసార్లు చుట్టుదారి పట్టుకుని పోయింది. మనోహర్ కూడా తన వంతు పని ఒకటి పెట్టుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక కారు అంగలకుదురు తీసుకెళ్ళి, తమ్ముడు డేనియల్ ఇంటి దగ్గర మోటారు పైపు పెట్టి తళతళలాడేట్టు కడిగి తెచ్చేవాడు. డేనియల్‌ది కౌలు వ్యవసాయం. అన్నంటే వాడికి ప్రాణం, వాడంటే అన్నకీ అంతే.

పొన్నూరు దగ్గర కాగాక, తెనాలి మెకానిక్కు కూలెంటు మార్చి, మూత మార్చి, "ఇక మీరు కాశ్మీరుకైనా వెళ్ళొచ్చండి," అన్నాడు. కాశ్మీరు దాకా ఎందుకు, వేమూరు దాటకముందే ముల్లు మళ్ళీ లేచింది. ఈసారి కరుణశ్రీ బండిని బాపట్లలో నాగబాబుకి చూపించింది.

నాగబాబు వాళ్ళది సముద్రం మీద బతికిన కుటుంబం. బోటు ఇంజన్లు బాగుచేసి చేసి, ఒడ్డుకొచ్చి కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. ఏ కారు వచ్చినా దాన్ని బోటుతో పోల్చి కాస్త జాలి పడతాడు.

"మా బోటింజనుకి ఈ గొడవే ఉండదండి మేడంగారూ. సముద్రం నీళ్ళు ఇటు తాగుద్ది, అటు ఊసేస్తది. పాపం కారుకేముందండి, ఉన్న నాలుగు లీటర్లే తిప్పి తిప్పి తాగాల."

జాలిపడ్డా పని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. గొట్టాలన్నీ నొక్కి చూశాడు, ఎక్కడా చెమ్మ లేదు. ఆయిలు పుల్ల లాగి చూశాడు, ఆయిలు పాలు కలిసిన టీలా మారలేదు కాబట్టి లోపల గ్యాస్కెట్టు బాగున్నట్టే. నీళ్ళ పంపు పనిచేస్తోంది. నీళ్ళను వదిలే థర్మోస్టాటు ఎందుకైనా మంచిదని కొత్తది వేశాడు. చివరికి ఇంజను వేడెక్కనిచ్చి ఫ్యాను చూపించాడు.

"చూడండి, గిర్రున తిరగతంది. ఇంకేం కావాలండి దీనికి?"

వారం కూడా తిరక్కుండా, చెరుకుపల్లి దగ్గర మళ్ళీ కాగింది.

ఆ సాయంత్రం మనోహర్ తీర్పు చెప్పేశాడు. "నీళ్ళు మార్చాం, మూత మార్చాం, లోపల సామాను మార్చాం. ఇద్దరు మెకానిక్కులు బండిలో ఏమీ లేదన్నారు. మార్చనిది ఇంక ఎవర్ని?"

"నన్నంటారు."

"క్లచ్చి మీద కాలు తియ్యవు కరుణా నువ్వు. టాప్ గేరులో పోవాల్సిన చోట మూడో గేరులో పోతావు. ఇంజను ఏడవకేం చేస్తుంది? మట్టలాదివారం దాకా చూద్దాం. ఈలోపు మళ్ళీ కాగిందంటే తాళాలు నాకిచ్చెయ్. మన వీధిలో జార్జిని డ్రైవరుగా పెట్టుకుందాం. నువ్వు వెనక సీట్లో హాయిగా కూర్చోవచ్చు."

ఆ మాట ఇంట్లో ఆగితే బాగుండేది. మనోహర్ చర్చి దగ్గరా అన్నాడు, పాలకేంద్రం దగ్గరా అన్నాడు. సంఘపెద్ద సంజీవరావుగారు ఆవిడ కనబడ్డప్పుడల్లా, "ఏమ్మా, క్లచ్చి క్షేమమేనా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన సరదాకే అనేవారు. కానీ తగిలే చోట తగిలేది. వెనక సీట్లో హాయిగా కూర్చోవడం ఎంత హాయో షేర్ ఆటోల్లో తిరిగిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకన్నా బాధ ఏంటంటే, పదిమందీ అనేసరికి ఆవిడకే అనుమానం వచ్చింది. నిజంగా తన కాలే బండిని చంపుతోందా? క్లచ్చి మీద బరువు తెలియాలని చెప్పులు విప్పేసి ఉత్తికాళ్ళతో నడిపింది రెండు రోజులు. పెడల్ కొసల దగ్గర కాలు ఒరుసుకుపోయింది తప్ప, ముల్లు లేవడం మానలేదు.

అప్పుడు ఆవిడకి కోపం వచ్చింది. కోపం వస్తే కొందరు అరుస్తారు, కొందరు గిన్నెలు విసురుతారు. కరుణశ్రీ ఆలోచిస్తుంది.

తెనాలి బజార్లో, బోసురోడ్డు రద్దీలో, ఇంచి ఇంచి కదిలేటప్పుడు బండి కాగడం లేదు. క్లచ్చిదే తప్పయితే అక్కడే కాగాలి, అక్కడే కదా ఎడం కాలికి తీరికుండదు. కాగేదల్లా బయట రోడ్డు మీద, వేగం అందుకున్నాక. అది తలకిందుల వ్యవహారం. వేగంగా పోతుంటే ఎదురుగాలి కొట్టి ఇంజను చల్లబడాలి గదా? గాలి కొట్టినకొద్దీ కాగడమేంటి? ఈ ప్రశ్న మనోహర్‌ని అడిగితే, "అవన్నీ నీకు తెలియవులే," అన్నాడు. నాగబాబుకి ఫోను చేస్తే, "ఇంజను దించి చూద్దామండి," అన్నాడు. ఆవిడ ఆ ప్రశ్నను ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది.

మట్టలాదివారమంటే ఈస్టరుకి ముందు వచ్చే ఆదివారం. దాని ముందు శుక్రవారం నాడు రేపల్లె వైపు రెండు సెంటర్లు చూడాలి. గాలి ఆడని రోజు. చెరుకుపల్లి దాటాక రోడ్డుకి సగం మేర మినప కట్టె పరిచి ఉంది. అలవాటు ప్రకారం ఆవిడ మార్జిన్లోకి దిగి పక్కనించి పోయింది. ఆ కట్టె దాటీ దాటకముందే ముల్లు లేవడం మొదలైంది. ఎర్రగీత దాకా పోనివ్వకుండా ఒక పెంకుటింటి ముందు ఆపేసి, స్టీరింగు మీద తల ఆనించుకుంది. ఇంకేముంది, అయిపోయింది. జార్జి ముందు సీట్లో, తను వెనక సీట్లో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటమ్మాయ్, కళ్ళు తిరిగినయ్యా?" అంటూ ఒక పెద్దావిడ అద్దం మీద తట్టింది. ఆవిడ పేరు వీరరాఘవమ్మ. ఆ మినుము ఆవిడదే. భర్త బసవపున్నయ్యా ఆవిడా ఇంటి ముందు పట్టా పరుచుకుని గింజ తూర్పారబడుతున్నారు. గాలి లేదు కాబట్టి ఇంట్లోంచి వైరు లాగి పెద్ద స్టాండు ఫ్యాను పెట్టుకున్నారు.

"నాకేం కాలేదు పిన్నిగారూ. కారుకే కళ్ళు తిరిగినయ్."

వీరరాఘవమ్మ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. కరుణశ్రీ మజ్జిగ తాగుతూ చూస్తూ కూర్చుంది. వీరరాఘవమ్మ చేట ఎత్తి గింజ జారవిడుస్తుంటే, ఫ్యాను గాలికి పొట్టు అంత దూరాన పోయి పడుతోంది, గింజ కాళ్ళ దగ్గరే కుప్ప పడుతోంది. చూడ్డానికి బాగుంది. కాసేపు కారు సంగతి మరిచిపోయింది.

అంతలో దండెం మీద ఆరేసిన ఖాళీ యూరియా సంచీ జారి, ఫ్యాను వెనకవైపుకి పోయి అతుక్కుంది. పొట్టు ఎగరడం మానేసి గింజతో పాటు తిన్నగా కిందపడింది.

"ఏంటి, ఫ్యాను ఆగిందా?" అని అరిచాడు బసవపున్నయ్య, దూరంగా కట్టె తిరగేస్తూ.

"తిరగతానే ఉందయ్యా, గాలే రాట్లా!" అని అరిచింది వీరరాఘవమ్మ.

కరుణశ్రీ గ్లాసు కింద పెట్టేసింది. లేచి వెళ్ళి ఫ్యాను వెనక చూసింది. సంచీ లాగేసింది, గాలి వచ్చింది. మళ్ళీ పెట్టింది, పోయింది. వీరరాఘవమ్మ ఈ అమ్మాయికి ఎండ తగిలిందేమో అనుకుంది.

నాగబాబు చూపించిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. గాలి వస్తోందో లేదో ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు, తిరిగే ఫ్యాను గాలి తోలక ఏం చేస్తుందనుకున్నారు.

ఆవిడ కారులోంచి పేపరు తీసి ఒక షీటు చింపింది. ఇంజను స్టార్టు చేయగానే వేడికి ఫ్యాను దానంతటదే అందుకుంది. ముందువైపు జాలీకి కాగితం ఆనించి చెయ్యి తీసింది. ఫ్యాను లోపలికి గాలి పీల్చుకుంటుంటే కాగితం అక్కడే అతుక్కుపోవాలి. జారి కింద పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఇంజను ఆపేసింది.

ఇంజను చల్లారాక బానెట్టెత్తి, ఫోను లైటు వేసి పైనించి వంగి చూసింది. ముందర ఏసీ జాలీ ఉంటుంది, దాని వెనక రేడియేటరు ఉంటుంది, రెంటికీ మధ్య వేలెడు సందు. బయటినించి చూస్తే ఏసీ జాలీ కడిగిన పళ్ళెంలా శుభ్రంగా ఉంది. ఆ సందులో మాత్రం పరుపులో దూది కుక్కినట్టు తుక్కు. రేడియేటరు మొహం మొత్తం కప్పేసి గట్టిపడిపోయింది. బజారు నడకకి ఇంజనులో పుట్టేది కొద్దిపాటి వేడే; వేగం అందుకుని వేడి పెరిగాక ఎంత ఎదురుగాలి కొట్టినా ఈ తుక్కు దాటి లోపలికి పోలేదన్నమాట. అది చాలనట్టు, అడుగున ప్లాస్టిక్ పళ్ళెంలో, పొర్లిన నీళ్ళు నిలిచిన చోట, పచ్చగా రెండాకులు విప్పుకుని మొలకలు.

వీరరాఘవమ్మ కూడా వంగి చూసింది. "ఓసినీ! ఇది మినుమే అమ్మాయ్! కారులో చేను వేశారేంటే?"

"నేనెప్పుడూ కట్టె తొక్కలేదు పిన్నిగారూ. ఇందాక కూడా పక్కనించే వచ్చా."

"నువ్వు తొక్కకపోతే ఇంకెవరో తొక్కారు," అన్నాడు బసవపున్నయ్య తాపీగా. "ఇది దారిన పోతా పడ్డ తుక్కు కాదమ్మా. ముందుకీ వెనక్కీ పూటల తరబడి తిప్పితేగాని ఇంత పట్టదు."

కరుణశ్రీకి ఆదివారాలు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం వెళ్ళిన మనిషి పొద్దు వాలాక రావడం. గంట పట్టే కడుగుడికి పూటంతా పట్టడం. ప్యాంటు అంచులకి అంటుకున్న ఎండాకు నలుసులు. ఏంటండీ అంటే గడ్డిలో నిలబెట్టి కడిగానులే అనడం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మినప మొలక పట్టింది.

ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత, పదకొండో ఆజ్ఞ రాసిన చేతులే దాన్ని తొక్కుకుంటూ అంగలకుదురు రోడ్డు మీద ముందుకీ వెనక్కీ తిరగడం కళ్ళకి కట్టి, నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా వీరరాఘవమ్మ కూడా నవ్వింది.

బసవపున్నయ్య ట్రాక్టరు పానాలు తెచ్చాడు. పైనున్న బోల్టులు వదులు చేసి రేడియేటరును కాస్త వెనక్కి వంచారు. "ముందునించి కొట్టొద్దు బాబాయ్, ఇంకా లోపలికి పోతుంది. ఇటు ఇంజను వైపు నించి బయటికి కొట్టాలి," అని కరుణశ్రీ దగ్గరుండి చెప్పింది. మోటారు పైపు మెల్లగా పెడితే ఆ తుక్కంతా కట్టలు కట్టలుగా ఊడి కింద పడింది. సన్నటి రేకులు వంగిపోకుండా మిగిలినదాన్ని తన పాత టూత్‌బ్రష్షుతో వీరరాఘవమ్మే గీకింది. బోల్టులు బిగించి ఇంజను స్టార్టు చేసి, కాగితం పెట్టారు. టపీమని అతుక్కుంది. చెయ్యి తీసినా కదల్లేదు. వీరరాఘవమ్మ చప్పట్లు కొట్టింది.

రేపల్లె దాకా ఏసీ పెట్టుకుని, టాప్ గేరులో, ఎదురుగాలిని చీల్చుకుంటూ పోయింది కరుణశ్రీ. ముల్లు నడిమిన కూర్చుని మళ్ళీ లేవలేదు. చెప్పుకోవాలంటే సిగ్గుగానీ, డాష్‌బోర్డును రెండుసార్లు నిమిరింది. కీర్తన చరణాలన్నీ పాడింది, రానివి కూడా పాడింది.

రాత్రి అన్నం దగ్గర మనోహర్ ముందు స్టీలు పళ్ళెం పెట్టింది. అందులో ఒక గుప్పెడు తుక్కు, నాలుగు గింజలు, రెండు మొలకలు.

"ఏంటిది?"

"పంటండి. మన కారులో పండింది. కౌలు కూడా ఇవ్వక్కర్లేదు."

మనోహర్ మొహంలో ముందు కౌంటరు అద్దం దిగింది. ఎక్కడో రోడ్డు మీద పడి ఉంటుంది అనబోయాడు. మొలకను చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. అద్దం పైకి లేచిపోయింది.

"డేనియల్‌గాడు కర్రతో కొడుతున్నాడు కరుణా. వారానికో అర ఎకరం మడి కట్టె. చిన్న కమతానికి మిషనోడు రానన్నాడంట. వాళ్ళ రోడ్డు మీద బళ్ళా, పూటకి రెండు పోతే ఎక్కువ. వాడు ఆ ఎండలో ఒక్కడూ కొట్టుకుంటుంటే చూడలేకపోయా. నేనే తొక్కించా."

"నాతో చెప్పొచ్చుగా?"

"రూలు పెట్టింది నేనే గదా. ఎట్లా చెప్పను?" తల వంచుకున్నాడు. "తొక్కినప్పుడల్లా శుభ్రంగా కడిగా. ముందర పైపు పెట్టి గట్టిగా కొట్టా."

"అందుకే పోయి లోపల కూర్చుంది. ఆవిడగారి క్లచ్చి అన్నారు మీరు. వీధంతా అన్నారు." "నేను ఉత్తికాళ్ళతో నడిపానండి. నా కాలే పాపిష్టిదేమో అనుకున్నా."

మనోహర్ చెయ్యి అన్నం కంచంలోనే ఉండిపోయింది. తాళాల ఊసు ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఇంట్లో తెలిస్తే సరిపోదు గదా. అన్నది వీధిలో.

మట్టలాదివారం ఆరాధన ముగిసి, జనం చేతుల్లో మట్టలతో చర్చి మెట్లు దిగుతుంటే తూర్పున నల్లగా మబ్బు లేచింది. ఆ కాలంలో రావాల్సిన మబ్బు కాదది. మనోహర్ ఫోను మోగింది. డేనియల్ గొంతు పక్కనున్నవాళ్ళకి కూడా వినపడింది.

"అన్నయ్యా, ఆఖరి మడి కట్టె రోడ్డు మీదే ఉంది. తడిసిందంటే బూజే. ఒక్కసారి బండేసుకుని రా అన్నయ్యా."

మనోహర్ ఫోను చెవికి పెట్టుకునే కరుణశ్రీ వైపు చూశాడు. తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఆవిడ సంచీ తెరిచి తాళాలు తీసి, చెయ్యి చాపింది. పాపం, తమ్ముడు గదా. అడ్డం చెప్పే ఉద్దేశం ఆవిడకి లేదు.

సంజీవరావుగారు మట్ట ఊపుతూ, "ఇచ్చెయ్యమ్మా, ఇచ్చెయ్. అసలే అవసరం, నువ్వు నడిపితే మధ్యలో కాగుద్ది," అన్నారు. చుట్టూ నలుగురు నవ్వారు.

మనోహర్ తాళాలు అందుకోలేదు.

"కాగింది ఆవిడ వల్ల కాదండీ సంజీవరావుగారూ," అన్నాడు. మెట్ల మీద వాళ్ళందరికీ వినపడేట్టే అన్నాడు. "నా వల్ల. దొంగచాటుగా మినుము తొక్కించి రేడియేటరు పూడ్చింది నేను. ఆవిడ క్లచ్చి అని ఊరంతా చాటిందీ నేనే. ఇద్దరు మెకానిక్కులకీ అంతుపట్టనిది ఆవిడ రోడ్డు పక్కన నిలబడి కనిపెట్టింది." అక్కడికి ఊపిరి అయిపోయింది. కొత్తగా తీసుకుని, భార్య వైపు తిరిగాడు. "నేను తొక్కిస్తే మళ్ళీ పాడు చేస్తాను కరుణా. నువ్వే రావాలి."

కరుణశ్రీ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కొంతసేపు పట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడకి చీరలు పెట్టాడు, గాజులు పెట్టాడు. పదిమందిలో ఇట్లాంటిది పెట్టడం ఇదే మొదలు. ఏడుపొస్తుందేమోనని భయపడి, "అయితే దారిలో దోమల జాలీ కొనాలి, ఎక్కండి," అంది.

అంగలకుదురు చేరాక, తుక్కు లోపలికి పోకుండా దోమల జాలీ రెండు పొరలు మడిచి, కారు ముందర గుడ్డ పేలికలతో కట్టించింది. మబ్బు దగ్గరపడుతోంది, గాలి కూడా లేచింది. ఏసీ ఆపేసి, అద్దాలు దించుకుని, కట్టె మీదికి ఎక్కించింది. చక్రాల కింద కాయలు పటపటా పగులుతున్నాయి. ఒకసారి పోయి రాగానే ఆపింది. డేనియల్ జాలీ దులిపి మళ్ళీ కట్టాడు. "ఏమండీ, కింద చూడండి," అంది. మనోహర్ ఆదివారం తెల్లబట్టలతోనే రోడ్డు మీద పడుకుని, ఇరుసుకి చుట్టుకున్న కట్టెను లాగి, దుమ్ము కొట్టుకున్న మొహంతో లేచి, "శుభ్రం," అన్నాడు. మళ్ళీ పోయింది. మళ్ళీ ఆపింది, మళ్ళీ పడుకున్నాడు. ఆయనకి అది శిక్షలా లేదు, ఆవిడకి అది కక్షలా లేదు. గింజ తడవకుండా ఇల్లు చేరాలి, అంతే.

"వదినా, ఇంకొక్కసారి!" అని అరిచాడు డేనియల్, పట్టాలు సర్దుతూ.

ఆ ఆఖరి సారికి మనోహర్ రోడ్డు మధ్యన నిలబడి, కొంకికర్రతో కట్టె తిరగేస్తున్నాడు. కారు వైపు వీపు. కారు రావడం ఆయనకి తెలుసు, తప్పుకోవడానికి కావలసినంత టైమూ ఉంది. కరుణశ్రీ ముందు అద్దంలోంచి ఆ దుమ్ము పట్టిన వీపును చూసింది. ఆవిడకి చాలా సంతోషంగా ఉంది.

ఏ అవసరమూ లేకుండా హారను గట్టిగా, పొడుగ్గా కొట్టింది. మనోహర్ ఉలిక్కిపడి ఎగిరి పక్కకి దూకాడు.